అటకెక్కిన ఎల్ ప్రిమెరో

మేనేజిమెంటు ట్రైనింగుల్లో కూర్చున్నవాళ్ళందరికీ ఈ కథ తెలిసే ఉంటుంది. స్విస్ వాళ్ళు కీ ఇచ్చే వాచీలే లోకం అనుకుని నిద్రపోయారు, జపాన్ వాడు క్వార్ట్జ్ వాచీ తెచ్చాడు, స్విస్ పరిశ్రమ కుప్పకూలింది. కాబట్టి కొత్త టెక్నాలజీ నేర్చుకోండి, లేకపోతే మీ గతీ అంతే! ఈ స్లైడు నేను కనీసం మూడుచోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ చిరాకే. ఎందుకంటే అందులో మొదటి ముక్కే తప్పు.

స్విస్ వాళ్ళు నిద్రపోలేదండీ. 1962లోనే కంపెనీలన్నీ కలిసి న్యూషాటెల్‌లో ఎలక్ట్రానిక్ వాచీల కోసం ఒక పరిశోధనా కేంద్రం పెట్టుకున్నాయి. 1967 కల్లా చేతికి కట్టుకునే క్వార్ట్జ్ వాచీ నమూనాలు తయారుచేసి, ఆ ఊరి అబ్జర్వేటరీలో పరీక్షకి కూడా పెట్టాయి. సైకో కంపెనీ ఆస్ట్రాన్ వాచీని అమ్మకానికి పెట్టింది 1969 డిసెంబర్ 25న. ధర 4,50,000 యెన్‌లు, అంటే అప్పట్లో ఒక చిన్న కారు ఖరీదు. 1970 వసంతంలో బాసెల్ ప్రదర్శనలో స్విస్ వాళ్ళు తమ బీటా 21 పెట్టేశారు. తేడా ఎంత? నెలలు, అంతే.

(మనవాళ్ళకి నచ్చే ముక్క ఒకటి: ఇప్పటి మామూలు క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. 2 పవర్ 15 అన్నమాట. దాన్ని పదిహేనుసార్లు రెండుతో భాగిస్తే సెకనుకొక పల్స్ మిగులుతుంది. అంతటి వాచీలో ఉన్నది ఉత్త బైనరీ కౌంటరే.)

మరి ఎందుకు కూలింది? క్వార్ట్జ్ చవకైపోవడం ఒక కారణం. ట్రైనింగుల్లో ఎవరూ చెప్పని రెండో కారణం కరెన్సీ. 1971కి ముందు డాలరుకి నాలుగు ఫ్రాంకులకి పైనే వచ్చేవి, 1978లో రెండు కూడా రాలేదు. స్విట్జర్లాండ్‌లో ధర ఒక్క ఫ్రాంకు పెంచకపోయినా అమెరికాలో అదే వాచీ డాలర్లలో రెట్టింపు పైన అయింది. డాలరు రేటు మీదే బతికే మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు కదా. 1970లో దాదాపు 90,000 మంది పనిచేసిన పరిశ్రమలో 1980ల రెండో సగానికి మిగిలింది 30,000 చిల్లర. జ్యూరా కొండల్లో చిన్న చిన్న ఊళ్ళు, ఊరంతా అదే పని. బెంచీ మీద సామాను సర్దుకుని వెళ్ళిపోయినవాళ్ళు స్లైడులో ఎక్కడా కనపడరు.

వాళ్ళలో ఒకాయన గురించి చెప్పాలనే ఈ టపా. లె లోక్ల్ అనే ఊళ్ళో జెనిత్ అనే కంపెనీ ఉంది. 1969 జనవరిలో వీళ్ళు ఎల్ ప్రిమెరో అనే ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ యంత్రాన్ని ప్రకటించారు. గంటకి 36,000 కొట్టుకుంటుంది కాబట్టి సెకనులో పదోవంతు కొలవగలదు. 1971లో ఈ కంపెనీ అమెరికాలో రేడియోలూ టీవీలూ చేసే ఇంకో జెనిత్ చేతుల్లోకి వెళ్ళింది. 1975లో పైనుంచి ఆర్డరొచ్చింది: కీ వాచీల పని ఆపెయ్యండి, పనిముట్లు తూకానికి అమ్మెయ్యండి. షార్ల్ వెర్మో అక్కడ పనిచేసేవాడు. కనీసం చిన్న విభాగమైనా ఉంచమని పైవాళ్ళకి ఉత్తరం రాశాడు, లాభం లేకపోయింది. అప్పుడాయన ప్రెస్సులు, కట్టింగ్ పనిముట్లు, క్యామ్‌లు ఎవరికీ తెలియకుండా ఫ్యాక్టరీ అటక మీదికి చేరవేశాడు. తెలుగులో అటకెక్కించడం అంటే వేరే అర్థం, ఇక్కడ మాత్రం అక్షరాలా అటకే!

నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఇంకోటుంది. ఏ పనిముట్టు దేనికో చీటీలు కట్టి, తయారీ పద్ధతంతా పుస్తకంలో రాసి పెట్టాడు. ఎవరూ అడగని, అడక్కపోగా వద్దన్న ప్రాజెక్టుకి డాక్యుమెంటేషన్! రిలీజైన ప్రాజెక్టుకే రాయడానికి మనకి చేతులు రావు.

1978లో కంపెనీ మళ్ళీ స్విస్ చేతుల్లోకి వచ్చింది. 1980లలో ఎల్ ప్రిమెరో తయారీ తిరిగి మొదలైంది. కొత్తగా పనిముట్లు చేయించుకోవాలంటే అప్పటి జెనిత్ తట్టుకోగలిగేది కాదు. 1988లో రోలెక్స్ తన డేటోనా కోసం అదే యంత్రాన్ని తీసుకుని, వేగం 28,800కి తగ్గించి, 2000 దాకా వాడింది. డేటోనా కోసం ఎగబడే కలెక్టర్లలో వెర్మో పేరు ఎంతమంది విన్నారో మరి.

2024లో జెనిత్ 600 మీటర్ల లోతు తట్టుకునే డెఫీ ఎక్స్‌ట్రీమ్ డైవర్ విడుదల చేసింది, లోపల ఎల్ ప్రిమెరో వంశపు యంత్రమే. 2025లో కంపెనీ 160 ఏళ్ళ పండక్కి జి.ఎఫ్.జె. అనే డ్రెస్ వాచీ, ప్లాటినంలో 160 మాత్రమే. అందులో 1950లలో న్యూషాటెల్ అబ్జర్వేటరీ పోటీల్లో వరసగా ఐదేళ్ళు గెలిచిన కాలిబర్ 135ని మళ్ళీ కొత్తగా చేసి పెట్టారు. పాతదాన్ని తవ్వి తీయడమే ఇప్పుడు వాళ్ళ వ్యాపారం. ఒకప్పుడు తూకానికి అమ్మెయ్యమన్న పేరుతోనే!

వెర్మో అటక ఇప్పటికీ ఉంది. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చినవాళ్ళని పైకి తీసుకెళ్ళి చూపిస్తారట.