చిప్ టెస్టింగ్‌పై పేటెంట్ కేసులు: తయారు చేసినవారికే కాదు, కొన్నవారికీ చిక్కే

సెల్‌ఫోన్, కారు, వాషింగ్ మెషిన్, ఏది తీసుకున్నా లోపల చిప్ ఉంటుంది. దాన్ని అమ్మే ముందు టెస్ట్ చేయాల్సిందే. ఆ టెస్టింగ్ సామగ్రి మీద కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడుతున్నాయి. హైదరాబాద్‌లో మన పిల్లలు చాలామంది వీఎల్‌ఎస్‌ఐ, టెస్ట్ ఇంజనీరింగ్ ఉద్యోగాల్లో ఉన్నారు. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ చిప్ అసెంబ్లీ, టెస్ట్ ప్లాంట్ పెట్టింది. కాబట్టి ఈ విషయం మన ఇళ్లకూ సంబంధించినదే.

గొడవ దేని మీద?

చిప్‌ను రెండుసార్లు పరీక్షిస్తారు. మొదట వేఫర్ మీద ఉండగా ప్రోబ్ కార్డ్‌తో, తర్వాత ప్యాకేజీ అయ్యాక సాకెట్‌లో పెట్టి. రెండు చోట్లా సన్నని లోహపు కాంటాక్టులు చిప్‌ను తాకుతాయి. ఇవి అరిగిపోతుంటాయి, మళ్లీ మళ్లీ కొనాలి. అంటే అమ్మేవాడికి ఆగని ఆదాయం. అసలు పోటీ అక్కడే.

రెండు కేసులు

అమెరికాలోని మిన్నియాపాలిస్‌కు చెందిన జాన్స్‌టెక్ 2014లో మలేషియా కంపెనీ జేఎఫ్ మైక్రోటెక్నాలజీపై కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. టెస్ట్ కాంటాక్ట్ పేటెంట్‌ను ఉల్లంఘించారన్నది ఆరోపణ. 2016లో జ్యూరీ జాన్స్‌టెక్ వైపు తీర్పు ఇచ్చింది. పోగొట్టుకున్న లాభం కింద 6 లక్షల 36 వేల డాలర్లకు పైగా ఇవ్వాలని చెప్పింది.

ప్రతిసారీ కేసు వేసినవాళ్లే గెలుస్తారని లేదు. ప్రోబ్ కార్డులు చేసే కాలిఫోర్నియా కంపెనీ ఫామ్‌ఫాక్టర్ 2007లో కొరియాకు చెందిన ఫైకామ్, జపాన్‌కు చెందిన మైక్రోనిక్స్‌పై అమెరికా ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్‌కు వెళ్లింది. వాళ్ల సరుకు దిగుమతి ఆపాలని కోరింది. 2009లో కమిషన్ ఉల్లంఘన లేదని తేల్చింది.

ఉల్లంఘన ఎలా తేలుస్తారు?

వస్తువు చూడ్డానికి ఒకేలా ఉందా అన్నది కాదు ప్రశ్న. పేటెంట్ చివర 'క్లెయిములు' అనే వాక్యాలు ఉంటాయి. ఇంటి దస్తావేజులో హద్దుల లాంటివి అవి. ఒక క్లెయిములో చెప్పిన ప్రతి అంశమూ ఎదుటివాడి వస్తువులో ఉంటేనే ఉల్లంఘన. దానికి జవాబుగా ఎదుటివాడు 'ఇది కొత్త ఆవిష్కరణే కాదు, పేటెంట్ చెల్లదు' అని కూడా వాదించవచ్చు.

మన చట్టం

పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే అక్కడే చెల్లుతుంది. అమెరికా పేటెంట్ ఉన్నంత మాత్రాన ఇక్కడ హక్కు రాదు. మన దగ్గర 1970 పేటెంట్ల చట్టం ప్రకారం గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. అనుమతి లేకుండా తయారు చేయడం, అమ్మడం మాత్రమే కాదు, వాడటం, దిగుమతి చేసుకోవడం కూడా ఉల్లంఘనే. అందుకే చవగ్గా నకలు కాంటాక్టులు కొన్న ఫ్యాక్టరీ కూడా కేసులో ఇరుక్కోవచ్చు. పేటెంట్ ఉందని తెలియదని, తెలుసుకునే కారణం కూడా లేదని రుజువు చేస్తే నష్టపరిహారం ఉండదు. కానీ ఇకపై వాడొద్దని కోర్టు ఆపవచ్చు.

కేసు జిల్లా కోర్టులో వేయవచ్చు. పేటెంట్ రద్దు చేయాలని ఎదురు దావా వేస్తే అది హైకోర్టుకు వెళ్తుంది. ఇది సివిల్ వ్యవహారం, ఉల్లంఘనకు జైలు శిక్ష లేదు.

గుర్తుంచుకోవాల్సినవి

విడిభాగాలు తెప్పించే వ్యాపారులు ఆర్డర్‌కు ముందే భారత పేటెంట్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో వెతకాలి, అది ఉచితం. కేసు వస్తే ఖర్చు ఎవరు భరిస్తారో సప్లయర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఉద్యోగం మారే పిల్లలకు ఒక మాట. పేటెంట్ అందరూ చదవగలిగే పబ్లిక్ పత్రం. కంపెనీ డ్రాయింగులు, టెస్ట్ ప్రోగ్రాములు అలా కాదు, అవి మీ దగ్గర ఉన్న అమానత్. నేర్చుకున్న పని మీ వెంట వస్తుంది, ఫైళ్లు మాత్రం అక్కడే వదిలి రావాలి. పెన్‌డ్రైవ్‌లో వాటిని తెస్తే పేటెంట్ కేసు కాకపోయినా వేరే కేసు తప్పదు.