జ్వరం కనబడని రోగి

ఒంటిమీద చేయి వేసి చూడటం రోగపరీక్షలలో అతి ప్రాచీనమైనది. భవానీపురంలో గాని, బెర్లినులో గాని బిడ్డ నలతగా ఉంటే తల్లి మొట్టమొదట చేసే పరీక్ష ఇదే. ఆ వేడిని అంకెలలో కొలిచి వైద్యానికి ఉపయోగించడం మాత్రం పందొమ్మిదవ శతాబ్దంలో స్థిరపడింది. జర్మను వైద్యుడు వుండర్లిఖ్ సుమారు 25,000 మంది రోగుల ఉష్ణోగ్రతలను పరిశీలించి 1868లో ఒక గ్రంథం ప్రకటించాడు. జ్వరం స్వయంగా రోగం కాదనీ, రోగలక్షణం మాత్రమేననీ ఆయన నిరూపించాడు. దాదాపు ఆ రోజులలోనే ఇంగ్లండులో ఆల్బట్ అనే వైద్యుడు అడుగు పొడవు ఉండే ఉష్ణమాపకాన్ని ఆరంగుళాలకు తగ్గించాడు.

జ్వరమున్నదని తెలిసినంత మాత్రాన దాని కారణం తెలియదు కదా! అందుచేత శాస్త్రజ్ఞుల దృష్టి రక్తంమీదికి మళ్ళింది. 1880లో లావెరాన్ రోగి నెత్తురులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దానినే దోమ కడుపు గోడలో కనుగొన్నాడు. రక్తంలో బాక్టీరియా తరచు బహు కొద్దిగా ఉంటుంది. అందుచేత నెత్తురును పోషకద్రవంలో కలిపి, వెచ్చగా ఉంచి, క్రిములను పెంచి చూడవలసి వచ్చింది. దీనినే కల్చర్ పరీక్ష అంటారు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఒక కొత్త చిక్కు వచ్చింది. 1953లో అమెరికాలో గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి శస్త్రచికిత్స చేశాడు. 1975లో బార్ట్‌లెట్ అటువంటి యంత్రంతోనే ఒక నవజాత శిశువును కాపాడాడు. నర్సులు ఆ పాపకు ఎస్పరాంజా, అనగా ఆశ, అని పేరు పెట్టారు. ఈ పద్ధతికి ఎక్మో అని పేరు. రక్తం పెద్ద సిరనుంచి గొట్టం ద్వారా బయటికి వస్తుంది. పలుచని పొర గుండా ప్రాణవాయువు అందులో చేరుతుంది, బొగ్గుపులుసు వాయువు వెలికి పోతుంది. దారిలో నెత్తురు చల్లబడుతుంది గనుక గోరువెచ్చని నీటితో దానిని సరియైన వేడికి తెచ్చి తిరిగి ఒంటిలోకి పంపుతారు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. యంత్రాన్ని 37 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిలిపితే బిడ్డ ఒళ్ళు కూడా ఇంచుమించు అక్కడే నిలుస్తుంది. లోపల క్రిములు విజృంభించినా నుదురు కాలదు! 1930లో కనుగొన్న సి-రియాక్టివ్ ప్రోటీను, 1993లో వెలుగులోకి వచ్చిన ప్రోకాల్సిటోనిన్ పరీక్ష తోడ్పడతాయి. కాని గొట్టాల స్పర్శ వల్లనే నెత్తురు రేగి, క్రిములు లేకున్నా వాటి అంకెలు పెరగవచ్చును.

కల్చర్ పరీక్షకూ హద్దులున్నాయి. మూడు కిలోల శిశువు ఒంటిలో ఉండే నెత్తురు మొత్తం సుమారు 250 మిల్లీలీటర్లే. పరీక్షకు తీయగలిగినది ఒకటి రెండు మిల్లీలీటర్లు. అందులో క్రిమి దొరకకపోవచ్చు. దొరికినా అది పెరిగి కనబడటానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. క్రిమి జన్యుపదార్థాన్ని పెంచి చూసే పి.సి.ఆర్. పరీక్ష గంటలలో ఫలితమిస్తుంది గాని, చచ్చిన క్రిమి అవశేషాలను కూడా పట్టి చూపుతుంది.

ఇన్ని సందేహాలెందుకు, మందు ఇచ్చివేస్తే పోదా అని పాఠకులు అడగవచ్చు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగం నుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. ఇటువంటి మందులు ఎందరి ప్రాణాలనో నిలిపాయి. కాని వాటిని అనవసరంగా వాడినకొద్దీ లొంగని క్రిములు ప్రబలుతాయి. ఇవ్వకుంటే నేటి బిడ్డకు ముప్పు, ఊరకే ఇస్తే రేపటి బిడ్డకు ముప్పు. అందుచేత వైద్యులు అనుమానం బలపడగానే కల్చర్‌కు రక్తం తీసి, మందు మొదలుపెట్టి, క్రిమి లేదని తోచినప్పుడు ఆపివేస్తారు.

ఒళ్ళు ఎక్కువ వేడిని పుట్టిస్తే, దానిని 37 వద్ద నిలపడానికి యంత్రం తక్కువ వేడి ఇస్తే చాలును. ఒక్కొక్కప్పుడు చల్లబరచవలసి కూడా వస్తుంది. కనుక యంత్రం దాచిన జ్వరం ఆ యంత్రపు అంకెలలోనే కొంత బయటపడవచ్చును. నుదుటిమీద చేయి వేసే తల్లి వెతికేది ఏదో, ఆ అంకెలను గమనించే నర్సు వెతికేదీ అదే.