తుపాకీలో మందు మార్చితే ఏమవుతుంది? 1788 నుంచి పైరోడెక్స్ దాకా

ఈ ఎపిసోడ్ మందు గురించి. తాగేది కాదు, జ్వరానికి వేసుకునేదీ కాదు. తుపాకీలో పోసేది. తెలుగులో ఈ మూడింటికీ ఒకటే మాట ఉండటం నాకు భలే సరదాగా అనిపిస్తుంది. ఎందుకంటే మూడింట్లోనూ డోసు తేడా కొడితే పని అయిపోయినట్టే.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింకల వేటకి ఒక స్పెషల్ సీజన్ ఉంటుంది. ఆ రోజుల్లో మజిల్‌లోడర్ మాత్రమే వాడాలి. అంటే గొట్టం మూతి నుంచి మందు పోసి, పైన సీసం గుండు పెట్టి, కడ్డీతో కిందికి దట్టించి పేల్చే తుపాకీ. మన ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకీ అంటారే, దాదాపు అదే పద్ధతి. (మన దగ్గర వేట నేరం, లైసెన్స్ లేని తుపాకీ ఇంకో నేరం. ముందే చెప్పేస్తున్నా.) అక్కడి వేటగాళ్లకి ఒక కోరిక ఎప్పుడూ ఉంటుంది: ఈ డబ్బాలో మందు బదులు ఆ డబ్బాలోది పోసి చూద్దాం, గురి బాగుంటుందేమో, మసి తక్కువ పడుతుందేమో అని.

వినడానికి చిన్న విషయం. కానీ ఈ "బదులు" అనే మాట చరిత్రలో చాలామందిని చంపింది.

ముందు పాత మందు సంగతి. నల్లమందు అంటే బ్లాక్ పౌడర్. ఇందులో మూడే సరుకులు: పెట్లుప్పు, బొగ్గు, గంధకం. పెట్లుప్పునే సురేకారం అని కూడా అంటాం. బొగ్గు, గంధకం కాలతాయి, కాలడానికి కావాల్సిన ఆక్సిజన్ సురేకారం ఇస్తుంది. కాలిన తర్వాత సగానికి పైగా గ్యాస్ అవ్వదు, గట్టి పదార్థంగానే మిగులుతుంది. ఆ తెల్లటి పొగ, గొట్టం నిండా మసి అందుకే. చెత్త డిజైన్ అనిపిస్తుంది కదా? కానీ దీనిలో ఒక గొప్ప గుణం ఉంది. గొట్టంలో ఒత్తిడి పెరిగినా దీని మంట వేగం పెద్దగా పెరగదు. అందుకే మెత్తటి ఇనుముతో చేసిన పాత గొట్టాలు కూడా తట్టుకున్నాయి.

ఇప్పుడు ఫ్రాన్స్ వెళ్దాం. అక్కడికి వెళ్లాలంటే బీహార్ మీదుగా వెళ్లాలి, నిజంగానే. ఆ కాలంలో ప్రపంచంలో మంచి సురేకారం బీహార్ నుంచి వచ్చేది. 1757లో ప్లాసీ తర్వాత బెంగాల్, బీహార్ ఇంగ్లీషు కంపెనీ చేతిలోకి పోయాయి. 1759లో మన మచిలీపట్నం కూడా ఫ్రెంచి వాళ్ల చేజారింది. ఇండియాలో ఓడిపోయిన ఫ్రాన్స్‌కి తుపాకీ మందు కరువు. అందుకే 1775లో ప్రభుత్వం మందు తయారీని తన చేతుల్లోకి తీసుకుని, దాన్ని నడిపే వాళ్లలో ఒకడిగా లవాజియేని పెట్టింది. అవును, టెన్త్ కెమిస్ట్రీలో వచ్చే ఆ లవాజియేనే.

కొన్నేళ్లకి బెర్తొలే అనే కెమిస్ట్ పొటాషియం క్లోరేట్ కనిపెట్టాడు. సురేకారం లాగే ఆక్సిజన్ ఇచ్చే ఉప్పు, కానీ ఇంకా జోరుగా ఇస్తుంది. మన భాషలో చెప్పాలంటే డ్రాప్-ఇన్ రీప్లేస్‌మెంట్: పాత లైబ్రరీ తీసేసి కొత్తది పెట్టు, మిగతా కోడ్ ముట్టుకోవద్దు. బెర్తొలే ఆలోచన అదే. సురేకారం తీసేసి క్లోరేట్ పెడదాం, బొగ్గూ గంధకం అలాగే ఉండనీ. కొద్ది మోతాదులో చేసిన టెస్టులు అదిరిపోయాయి. ప్రొడక్షన్‌కి వెళ్దాం అన్నారు.

1788 అక్టోబర్ 27, పారిస్ దగ్గర ఎసోన్ అనే ఊళ్లో మందు ఫ్యాక్టరీ. రోకళ్ల మిల్లులో ఈ కొత్త మిశ్రమాన్ని నూరుతున్నారు. లవాజియే, ఆయన భార్య మరీ-ఆన్, బెర్తొలే, ఇంకొందరు చూడటానికి వచ్చారు. మనుషులకీ రోలుకీ మధ్య చెక్కల అడ్డు కూడా కట్టారు. కాసేపు చూసి అందరూ టిఫిన్‌కి వెళ్లారు. తిరిగి వస్తుంటే ఫ్యాక్టరీ డైరెక్టర్ ల టోర్, ఒక యువతి మిగతావాళ్ల కంటే ముందు నడిచారు. అంతే, మిల్లు పేలింది. ఇద్దరూ చనిపోయారు. లవాజియే దంపతులు కొద్ది నిమిషాల తేడాతో బతికారు.

ఏం జరిగింది? క్లోరేట్ తన ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకోదు. పక్కన గంధకం ఉంటే రాపిడి చాలు, దెబ్బ చాలు. మన దేశంలో బాణసంచాలో క్లోరేట్‌నీ గంధకాన్నీ కలపకూడదని 1992లో నిషేధం పెట్టింది ఇందుకే. పని చేసే తీరు ఒకటే, స్వభావం వేరు. టెస్ట్ కేసుల్లో రోకలి పోటు లేదు మరి.

ఎసోన్‌లోనే పని నేర్చుకున్న కుర్రాడు ఒకడున్నాడు: ఎల్యూటేర్ ఇరెనే దు పోన్. విప్లవం తర్వాత అమెరికా వెళ్లాడు. అక్కడ వేటకి వెళ్లి, దొరికే మందు ధర ఎక్కువ, నాణ్యత సున్నా అని చూసి, 1802లో డెలావేర్‌లో సొంత మిల్లు పెట్టాడని ఆ కంపెనీ చెప్పుకునే కథ. అదే తర్వాత డ్యూపాంట్. అతను మందు ఫార్ములా మార్చలేదు, తయారీ శుభ్రంగా చేశాడు. అయినా 1818లో ఆ మిల్లు పేలి ముప్పై మందికి పైగా పోయారు. పాత మందేమీ సాధువు కాదు.

ఇక నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన మనిషి, అలెగ్జాండర్ ఫోర్సైత్. స్కాట్లాండ్‌లో బెల్‌హెల్వీ అనే ఊళ్లో చర్చి పాస్టర్. ఖాళీ దొరికితే బాతుల వేట. అప్పటి తుపాకీలో చెకుముకి రాయి నిప్పురవ్వ ముందు బయట పళ్లెంలోని మందుని అంటిస్తుంది, ఆ మంట లోపలికి వెళ్లి అసలు మందుని పేలుస్తుంది. ఆ లోపు మెరుపు చూసి బాతు ఎగిరిపోతుంది. ఇంజనీర్లు దీన్ని లేటెన్సీ అంటారు. పాస్టర్ గారు ఏం చేశారంటే, క్లోరేట్ లాంటి పేలుడు మందుల్ని గొట్టంలో పోయలేదు. రవ్వంత మాత్రమే తీసుకుని, సుత్తి దెబ్బతో పేలేలా తాళం తయారుచేసి, 1807లో పేటెంట్ తీసుకున్నారు. లోపల మాత్రం పాత నల్లమందే. ఎసోన్‌లో ఇద్దర్ని చంపిన గుణం, అంటే దెబ్బకి పేలడం, ఇక్కడ సరిగ్గా కావాల్సిన ఫీచర్ అయింది. తర్వాత వచ్చిన పెర్కషన్ క్యాప్‌లన్నీ ఈ ఆలోచన పిల్లలే.

1846లో షేన్‌బైన్ అనే ప్రొఫెసర్ గన్‌కాటన్ ప్రకటించాడు, అంటే యాసిడ్‌తో తయారుచేసిన పేలుడు దూది. తుపాకుల్లో పోశారు, గొట్టాలు పగిలాయి. ఇంగ్లండ్‌లో ఫేవర్‌షామ్ ఫ్యాక్టరీ 1847లో పేలి ఇరవై మంది దాకా చనిపోయారు. 1884లో వియే అనే ఫ్రెంచి కెమిస్ట్ దాన్ని జెల్లీలా చేసి, రేకులుగా కోసి అదుపులోకి తెచ్చాడు. అదే పొగలేని మందు. కానీ దాని స్వభావం నల్లమందుకి పూర్తిగా రివర్స్: ఒత్తిడి పెరిగితే ఇంకా వేగంగా కాలుతుంది, దానివల్ల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. లూప్. ఆ మందుకి గట్టి ఉక్కుతో కొత్త తుపాకీ చేయాల్సి వచ్చింది, 1886 లెబెల్. అందుకే ఈ రోజుకీ చాలా మజిల్‌లోడర్ గొట్టాల మీద "బ్లాక్ పౌడర్ ఓన్లీ" అని చెక్కి ఉంటుంది. అదే కొలత పాత్రతో పొగలేని మందు పోస్తే తుపాకీ పోవడమే కాదు, చేతులు పోతాయి, కళ్లు పోతాయి.

1970ల్లో వాషింగ్టన్ రాష్ట్రంలో డ్యాన్ పావ్లాక్ అనే ఆయన ఇదే ప్రశ్నని మళ్లీ పట్టుకున్నాడు. చట్టం దృష్టిలో నల్లమందు పేలుడు పదార్థం, షాపుల్లో నిల్వ పెట్టడం తలనొప్పి. వేటగాళ్లకేమో డిమాండ్ పెరుగుతోంది. ఆయన తయారుచేసిందే పైరోడెక్స్. అందులో సురేకారం, బొగ్గు, గంధకంతో పాటు పొటాషియం పెర్‌క్లోరేట్ ఉంది. బెర్తొలే ఉప్పుకి తమ్ముడు అనుకోండి: ఒక్క ఆక్సిజన్ పరమాణువు ఎక్కువ, కానీ స్వభావం చాలా నెమ్మది.

ఇక్కడ నాకు నచ్చిన డిజైన్ నిర్ణయం ఒకటుంది. వేటగాడు మందుని తూకం వేయడు, చిన్న గొట్టంతో కొలుస్తాడు. కాబట్టి పైరోడెక్స్‌ని బరువుకి కాదు, కొలతకి సరిపోయేలా చేశారు. నల్లమందు 100 గ్రెయిన్లు పట్టే కొలతలో పైరోడెక్స్ పోస్తే బరువు సుమారు 30 శాతం తక్కువ తూగుతుంది, దెబ్బ మాత్రం దాదాపు అంతే. ఎవరైనా తెలివిగా త్రాసు తెచ్చి 100 గ్రెయిన్లు తూచి పోస్తే ఓవర్‌లోడే. మనుషుల అలవాటు మార్చకుండా మందుని మార్చాడు పావ్లాక్.

అది మార్కెట్‌లోకి వచ్చిన కొత్తలోనే, 1977 జనవరిలో ఆయన ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది. పావ్లాక్, ఆయనతో పనిచేసే ముగ్గురు చనిపోయారు. తర్వాత హాడ్జ్‌డన్ కంపెనీ కాన్సాస్‌లో తయారీ మొదలుపెట్టింది.

అయితే పైరోడెక్స్ అంటుకోవడానికి నల్లమందు కంటే ఎక్కువ వేడి కావాలి. పెర్కషన్ క్యాప్‌కి ఓకే, చెకుముకి రాయికి మాత్రం మొండికేస్తుంది. పైగా కాలాక మిగిలే ఉప్పు గొట్టానికి తుప్పు పట్టిస్తుంది, అదే రోజు కడగాలి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకీలకే ఒక సీజన్ ఉంది. వాళ్లకి ఇప్పటికీ అసలైన నల్లమందే కావాలి. 2021లో లూసియానాలోని గోయెక్స్ నల్లమందు ఫ్యాక్టరీని మూసేస్తున్నాం అనగానే వాళ్లంతా కంగారుపడ్డారు. చివరికి కొన్నది ఎవరో తెలుసా? ఎస్టెస్, పిల్లల మోడల్ రాకెట్లు చేసే కంపెనీ. వాళ్ల రాకెట్ మోటార్లలో ఉండేది కూడా నల్లమందే మరి.