కనబడని వెలుగు

శేషాచలపు దారులలో రాత్రివేళ నడచువారికి దీపము తోడగుట నేటి మాట కాదు. 1944లో తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు తెరవబడునంతవఱకు కొండకు పోవువారు కాలినడకనో డోలీలమీదనో పోవలసినవారే. దివిటీ, కాగడా, పిదప కిరోసిన్ లాంతరు వారికి వెలుగు నిచ్చినవి. దివిటీ మనుష్యునకు దారి చూపుటయే కాక, మనుష్యుడు వచ్చుచున్నాడని మృగమునకును తెలిపెడిది. దీపమునకు గల ఈ రెండవ పనిని మనము మఱచితిమి. పరారుణ కిరణముల చేతిదీపము అంగడిలో దొరకుచున్న ఈ కాలమున దానిని మరల జ్ఞప్తికి తెచ్చుకొనవలసియున్నది.

మనవారు బ్యాటరీలైటనియు టార్చిలైటనియు పిలుచు దీపమునకు మూలము పొడి బ్యాటరీ. 1886లో జర్మనీ దేశస్థుడు కార్ల్ గాస్నర్ ద్రవము తొణకని బ్యాటరీని సాధించెను. 1899లో డేవిడ్ మిసెల్ అనునతడు అట్టి బ్యాటరీలను గొట్టములో నమర్చి, కొనయందు బల్బు నుంచి, అమెరికాలో పేటెంటు పొందెను. ఆనాటి బ్యాటరీల శక్తి స్వల్పమగుటచే దీపము మెఱసి ఆరుచుండెడిది. ఫ్లాష్‌లైటను ఆంగ్లనామము అందువలననే వచ్చినది.

కనబడని వెలుగు కథ ఇంతకంటె పాతది. 1800లో ఇంగ్లండునందు విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముచే రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగునందును ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎఱుపు దాటిన పిదప, ఏ రంగును లేనిచోట, పాదరసము మఱింత పైకెక్కెను. అవియే పరారుణ కిరణములు. 1945లో ఒకినావా యుద్ధమున అమెరికా సైనికులు ఈ కిరణములను వెదజల్లు దీపమును, వానిని కంటికి కనబడు బొమ్మగా మార్చు దుర్భిణిని తుపాకికి బిగించిరి. ఆ దీపమున నున్నది సామాన్యమైన బల్బే; దాని ముఖమున వడపోత గాజు నుంచి కనబడు వెలుగును ఆపిరి. బరువైన బ్యాటరీని సైనికుడు వీపున మోయవలసివచ్చెను. 1961లో బయర్డ్, పిట్‌మన్ అను శాస్త్రజ్ఞులు విద్యుత్తు ప్రసరించినపుడు గాలియం ఆర్సెనైడు పరారుణమును వెలువరించుట కనుగొనగా, ఆ బరువు తగ్గుటకు మార్గ మేర్పడెను.

ఇట్టి దీపమును పరీక్షించువారు నాలుగు సంగతులు చూడవలయును. మొదటిది తరంగదైర్ఘ్యము. 850 నానోమీటర్ల దీపము ముఖమున నిప్పుకణమువంటి మందమైన ఎఱుపు కనబడును. 940 నానోమీటర్ల దీపమున అదియు కనబడదు. అయితే కెమెరాలు ఆ కిరణములను తక్కువగా గ్రహించుటచే బొమ్మ మసకబాఱును. రెండవది దూరము. దూరము రెట్టింపైనచో వస్తువుపై పడు వెలుగు నాల్గవ వంతగును. కావున పెట్టెమీది మీటర్ల లెక్కను నమ్మక, మన కెమెరాతో మన తోటలోనే చూచుకొనుట మేలు. మూడవది బొమ్మ. ఇందు రంగులుండవు. శరీరపు వేడిని చూపు కెమెరా వేఱు, ఇది వేఱు. పొద చాటున నున్న చిరుతను ఈ దీపము పట్టియీయదు. నాల్గవది కన్ను. తెల్లని తీవ్రకాంతి పడినచో ఱెప్ప తానై మూతపడును. పరారుణమునకు ఆ రక్షణ లేదు గనుక, దగ్గఱనుండి దీపములోనికి చూడరాదు.

మన సీమలోనే తెల్లని వెలుగునకు సంబంధించిన చరిత్ర యొకటి కలదు. 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడని కలివికోడి, 1986 జనవరిలో కడప జిల్లాయందు మరల కనబడెను. రాత్రి తిరుగు ఆ పక్షిని స్థానికులు చేతిదీపపు వెలుగున పట్టిరి. అది కొలది దినములకే మరణించెను. అది యింకను బ్రతికియున్న జాతియని లోకమునకు చాటినది ఆ దీపమే. ఆ పక్షిని కదలనీయక పట్టియిచ్చినదియు ఆ దీపమే. తరువాతి అన్వేషకులు ఇసుకలో అడుగుజాడలను, తమంతట బొమ్మ తీయు కెమెరాలను ఆశ్రయించిరి. పక్షిని బెదరింపక చూచుటకు అవి యుచితమైన సాధనములు.

కాని యన్ని చోట్లను అట్లు కాదు. 2023 ఆగస్టు 11వ తేదీ రాత్రి అలిపిరి నడకదారిలో ఆఱేండ్ల బాలికను చిరుత పొట్టన పెట్టుకొనెను. అటుపిమ్మట అటవీశాఖవారు అడవిలో కెమెరాలు నిలిపి చిరుతల జాడ కనిపెట్టి, బోనులతో కొన్నింటిని పట్టిరి. దేవస్థానమువారు పిల్లలతో నడచువారికి వేళల నియమములు పెట్టి, భక్తులను గుంపులుగా పంపుచు, చేతికఱ్ఱలను ఇచ్చిరి. చిరుత తిరుగు వేళను, త్రోవను తెలిసికొనుటకు కనబడని వెలుగు తగినదే. మెట్లమీద నడచు తల్లికిని బిడ్డకును అది అక్కఱకు రాదు. వారి రాక మృగమునకు తెలియుటలోనే వారి క్షేమ మున్నది.

కావున మా అభిప్రాయ మిది. కాపలాదారునకును, వన్యప్రాణులను పరిశీలించువారికిని పరారుణ దీపము మంచి పనిముట్టు. బాటసారికిని, పలమనేరు కుప్పము ప్రాంతములలో ఏనుగుల భయమున పైరు కాచుకొను రైతునకును తెల్లని వెలుగే ముఖ్యము. రెండును గల దీపమును కొన్నవారు, రాత్రి బయలుదేరుటకు ముందు మీట ఏ వైపున నున్నదో చూచుకొందురు గాక. చీకటిలో ఆ మీట పొరపాటున మాఱినచో, చేతిలో దీపము వెలుగుచున్నను దారి కనబడదు.