రాచ్చిప్ప, రాతిబాన: శౌచవిధిలో రాతిపాత్ర
పులుసు కాచే రాచ్చిప్ప తెలుగు వంటింటికి చిరపరిచితం. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలోనూ మడి పాటించే ఇళ్లలో మైలపడిన మట్టికుండను పారవేసి, లోహపాత్రను తోమి శుద్ధిచేసేవారు. మనుస్మృతి పంచమాధ్యాయం రాతిపాత్రను లోహం సరసనే చేర్చి, బూడిద, నీరు, మట్టితో శుద్ధి విధించింది. అనగా రాయికి మైల అంటుతుంది, కడిగితే పోతుంది.

యూదుల శౌచవిధి భిన్నం. మైల సోకిన మట్టిపాత్రను పగులగొట్టాలని లేవీయకాండం శాసించగా, క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన మిష్నా రాతిపాత్రకు మైలే అంటదన్నది. క్రీ.శ. 1వ శతాబ్దిలో మెత్తని సున్నపురాతి పాత్రలు విరివిగా తయారయ్యాయి. యెరూషలేము చేరువలోని హిజ్మాలో, గలిలయలోని రేనాలో వాటి గనులు బయల్పడ్డాయి. యోహాను సువార్తలోని కానా పెళ్లింటి ఆరు రాతిబానలు ఈ నేపథ్యంలోనివే.

మట్టిపాత్రను త్యజించడంలో కలిసిన రెండు ఆచారాలు రాతి విషయంలో విడిపోయాయి. కాబట్టి రాచ్చిప్పను యూదుల రాతిబానకు ప్రతిరూపంగా భావించడం సరికాదు.