చిలకలపూడి పసిడిపూత నగలు - ప్రమాణమర్యాద



మచిలీబందరు చెంతనున్న చిలకలపూడి పేరు చెప్పినంతనే భక్తులకు పాండురంగస్వామియు, ఆడుపడుచులకు రోల్డుగోల్డు నగలును స్మృతికి వచ్చును. సొమ్ము చాలని యింట పెండ్లికూతురి మెడకు నిండుదనము తెచ్చిన పని యిది. కొందఱు దీనిని గిల్టుపని యని యీసడింతురు. ఆ నింద తగదనియు, దానిని తొలగించుట మన చేతిలోనే యున్నదనియు విన్నవింప దలచితిమి.

పూతపని మోసమునకై పుట్టినది కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున, రెండవ యధికరణమందు, సువర్ణాధ్యక్షుని ప్రకరణమున నిది త్వష్టృకర్మ యను పేర గలదు. రాగివస్తువును దానికి సమానమగు బంగారుతో కప్పవలయునని యచ్చటి నియమము. తరువాతి ప్రకరణమందు కంసాలి చేయదగని మోసములు పేరుపేరున చెప్పబడినవి. కావున దోషము పూతయందు లేదు. ఎంత బంగారు చేర్చినదియు దాచుటయందే కలదు.

బందరు చరిత్రయు నిదియే బోధించుచున్నది. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఇచ్చటికి వర్తకమునకై వచ్చిరి. వారు మచ్చుగుడ్డ నిచ్చి, దానికి సరిపోలిన యద్దకపుబట్టనే మెచ్చి కొనెడివారు. మచ్చునకు నిలిచిన సరకే సముద్రములు దాటి మనయూరికి పేరు తెచ్చినది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము 2003లో అమలునకు రాగా, తదుపరి మచిలీపట్టణపు కలంకారి యా పట్టికకెక్కినది. అయినను మర యచ్చుబట్టలు అదే పేరున అంగళ్లలో అమ్ముడగుచునే యున్నవి. పట్టిక కెక్కిన పేరును కాచుకొనువారును వలయును గదా!

నగలపని వారికి చట్టముల దెబ్బ క్రొత్త కాదు. 1963 నాటి స్వర్ణనియంత్రణము 14 కారట్లకు మించిన నగలు చేయరాదనగా, దేశమంతట కంసాలుల కుంపట్లు చల్లారినవి. స్వర్ణనియంత్రణ చట్టము 1990లో తొలగినది. నేడు వేఱొక చిక్కు వచ్చినది. బంగారు రేకును రాగికి వేడిమిచే అతికి సాగదీసినది రోల్డుగోల్డు. విద్యుత్తుచే పలుచని పూత పెట్టినది వేఱు. అంగడిలో రెంటికిని ఒకటే పేరు! బంగారునగలకు హాల్‌మార్కు ముద్ర 2000లో మొదలై, 2021 జూన్ 16 నుండి నిర్బంధమయ్యెను. పూతనగలకు ఆ ముద్ర వర్తింపదు. కావున మన మాటయే వానికి ముద్ర.

భౌగోళిక గుర్తింపునకు చట్టము కోరువానిలో ఇవి గలవు: ఉత్పత్తిదారుల సంఘము, పని విధానమును తెలుపు వ్రాత, ప్రాంతపు ఎల్లలు, సరకును పరీక్షించు వ్యవస్థ. గుర్తింపు పదేండ్లు నిలుచును. పిదప మరల నూతనపఱచుకొనవలయును. ప్రతి నగతోడను లోని లోహమేదో, పూత యెన్ని మైక్రానులో వ్రాసిన చీటి యుండవలయును. చర్మమునకు హాని చేయు నికెలునకు ఐరోపావారు 1994లోనే హద్దు విధించిరి, దానినియు మనవారెఱుగవలయును.

నగను చెఱుపక ఎక్స్‌రే కిరణములచే పూత మందమును కొలుచు యంత్రములు నేడు గలవు. ఇంటి యరుగుపై పనిచేయు పేదవాడు వానిని కొనలేడు. సంఘము కొనవచ్చును, పోషకులు తోడ్పడవచ్చును. సత్రములు కట్టించిన చేతులకు ఒక పరీక్షాశాల భారము కాదని మా నమ్మకము.

"ఇది బంగారు కాదు, ఇంత బంగారు గలది" యని ధైర్యముగ చెప్పగల కంసాలిని ఎవ్వరు నిందింపగలరు?