మన ఊరి వాన లెక్క మనమే రాసుకుందాం

"ఈ ఏడు వానలు సరిగా లేవు సార్" అని రైతులు చెబుతారు. మండలం లెక్క చూస్తే సాధారణ వర్షపాతమని ఉంటుంది. రెండూ నిజమే కావచ్చు. మండల కేంద్రంలో కురిసిన వాన మీ చేలో కురవకపోవచ్చు. నెల వానంతా రెండు రోజుల్లో పడి, మిగతా రోజులు బెట్ట పెట్టినా నెల మొత్తం మామూలుగానే కనిపిస్తుంది. వేరుశనగ ఊడలు దిగే దశలో బెట్ట తగిలితే, ఆ తర్వాత ఎంత వాన పడినా నష్టం పూర్తిగా పూడదు.

ఒకసారి ఒక ఊరి రైతులను వాన ఎన్ని రోజులు ముఖం చాటేసిందని అడిగితే తలా ఒక మాట చెప్పారు. రాసుకున్న కాగితం వాళ్ల దగ్గర లేదు, నా దగ్గరా లేదు. వాళ్లు చెప్పింది నిజమే అయినా ఆ నష్టం లెక్కకెక్కలేదు. అందుకే ఈ సూచనలు.

పెద్దల జ్ఞాపకాలను ఇలా రాయండి

* కార్తెను అడగండి. కార్తెలు సూర్యుని గమనాన్ని బట్టి వస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీల్లో ఉంటాయి. మృగశిర సుమారు జూన్ 8 నుంచి, ఆరుద్ర జూన్ 22 నుంచి, పునర్వసు జూలై 6 నుంచి మొదలవుతాయి. "ఆరుద్రలో విత్తాం" అంటే తేదీ దొరికినట్టే.
* సంవత్సరం గుర్తులేకపోతే పెద్ద సంఘటనతో పోల్చి అడగండి. ఉదాహరణకు, 2009 అక్టోబరు కర్నూలు వరదలకు ముందా, తర్వాతా?
* ఆడవాళ్లను విడిగా అడగండి. తాగునీరు, మేత, విత్తనం పురుగు పట్టడం వాళ్లకే బాగా తెలుస్తాయి.

ఈ రోజు నుంచి నోటు పుస్తకం

* అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా ఆరుబయట కదలకుండా ఉంచండి.
* ఉదయం 8.30కు స్కేలుతో నీటి లోతు కొలిచి, రాసుకుని, నీరు పారబోయండి. ఒక మి.మీ. వాన అంటే ఎకరాకు సుమారు 4,000 లీటర్ల నీరు.
* వాన లేని రోజు సున్నా రాయండి. బెట్టకు సాక్ష్యం ఆ సున్నాలే.
* విత్తిన తేదీ, పూత, తెగులు, ఖర్చు, దిగుబడి కూడా రాయండి. పంట దెబ్బతింటే తేదీ కనిపించేలా ఫోటో తీయండి.

చెప్పేటప్పుడు జాగ్రత్త

ఒక్క చెడ్డ ఏడాదిని చూసి వాతావరణం మారిపోయిందనలేం. దీర్ఘకాల సగటుకు సాధారణంగా 30 ఏళ్ల లెక్క తీసుకుంటారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. కుండపోత వానలు పెరగడానికి అదొక కారణం. అయితే బోర్లు ఎండటానికి ఎక్కువగా తోడటం కూడా కారణం కావచ్చు. చెరువు కాలువ పూడిపోతే అదీ రాయండి. మన తప్పును దాచిన కథను ఎవరూ నమ్మరు.

ఉపయోగం

నాలుగైదు చేల లెక్కలు పక్కపక్కన పెడితే ఏ కార్తెలో విత్తిన పంట నిలబడిందో, ఏ రకం బెట్టకు ఓర్చుకుందో తెలుస్తుంది. గ్రామసభలో చెరువు పూడికతీత అడగాలన్నా, అధికారులకు నష్టం చెప్పాలన్నా ఆ పుస్తకం చేతిలో ఉంచుకోండి. ప్రభుత్వ లెక్కకు అది బదులు కాదు. కానీ మీ ఊరి మాటకు అదే బలం. వచ్చే వానకు ముందే డబ్బా పెట్టండి.